నీళ్లకుండ, పొయ్యి, తెలియక చేసిన పాపం

గృహస్థుడి ఇంట్లో ఐదు వధ్యస్థానాలు ఉంటాయని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటికే పంచసూనలని పేరు. వండేవాళ్లకూ ఊడ్చేవాళ్లకూ పురుగును చంపాలన్న ఆలోచన ఉండదు. అయినా ప్రాణం పోయింది గనక దోషం అంటుతుందనీ, దాన్ని తీర్చుకోవడానికి రోజూ పంచమహాయజ్ఞాలు చేయాలనీ విధి. దీనికి ఎదురుగా బౌద్ధం నిలబడింది. కర్మకు మూలం సంకల్పమే అన్నాడు బుద్ధుడు. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో ఆయనకూ జైన గృహస్థు ఉపాలికీ జరిగిన వాదం దీని మీదే: చేతులు చేసేది పెద్ద పాపమా, మనసు చేసేదా? మనలో చాలామంది తెలియకుండానే బుద్ధుడి పక్షాన ఉంటాం. నా మనసులో చెడు లేదు అన్నాక ఎదుటివాడు కూడా తగ్గుతాడు. ఇద్దరు మనుషుల మధ్య ఈ లెక్క సరిపోవచ్చు. ఒక పట్టణమంతా ఒకే బావి నీళ్లు తాగే చోట అది చాలదని నా వాదం. దీనికి 1937లో ఇంగ్లండ్‌లోని క్రాయిడన్‌లో జరిగినదానికంటే గట్టి రుజువు నాకు కనబడలేదు.

లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయిడన్ అప్పట్లో కౌంటీ బరో. నీటి సరఫరా, ఆరోగ్యం రెండూ ఆ ఊరి కార్పొరేషన్ చేతిలోనే ఉండేవి. కార్పొరేషన్ నీళ్లు తోడుకునే చోట్లలో ఆడింగ్టన్ బావి ఒకటి, సుద్దరాతి పొరల్లోకి దిగిన లోతైన బావి. ఆ ఏడాది శరదృతువులో అందులో మరమ్మతు పనులు పెట్టారు. మనుషులు బావిలోకి దిగి పని చేశారు. ఆ సమయంలో వడపోత లేదు, క్లోరిన్ కలపడం లేదు. నీళ్లు మాత్రం ఊళ్లోకి వెళుతూనే ఉన్నాయి. దిగినవాళ్లలో ఒకరికి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో టైఫాయిడ్ వచ్చి తగ్గింది. మనిషి కోలుకున్నాడు, క్రిమి మాత్రం అతని పేగుల్లోనే ఉండిపోయింది. క్రిమి కలిసిన నీటికి రంగు మారదు, వాసన రాదు, రుచి చెడదు. కుళాయి తిప్పి గ్లాసు నింపుకున్న తల్లికి అనుమానం కలగడానికి ఏ ఆధారమూ లేదు. మూడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, 43 మంది చనిపోయారు. న్యాయవాది హెచ్. ఎల్. మర్ఫీ జరిపిన బహిరంగ విచారణలో మూడు సంగతులు ఒకేసారి కలిశాయని తేలింది: బావిలో పని, క్రిమిని మోసే మనిషి, శుద్ధి లేని నీరు. నన్ను ఎక్కువగా కలచివేసేది నాలుగో సంగతి. బావిలో మనుషులు పని చేస్తున్నారని ఆ ఊరి ఆరోగ్యాధికారికి తెలియదు. ఇంజనీర్లు చెప్పలేదు. కార్పొరేషన్ ఒకటే, వాళ్లు కాపాడాల్సిన జనం ఒకరే.

ఇక్కడ పాపం ఎవరిది? ఆ పనివాడిది కాదు. ఒళ్లు దాచుకోకుండా చీకటి బావిలో కూలిపని చేసుకున్నవాడిని హంతకుడని ఎవరూ అనకూడదు. ఇంజనీర్లు బావిని బాగుచేయాలనే చూశారు. ఆరోగ్యాధికారి జనం బతకాలనే కోరుకున్నాడు. మనసులు మాత్రమే లెక్కైతే ఈ ఊళ్లో పాపమే జరగలేదు, 43 చావులూ దురదృష్టమే. ఈ తీర్పును నేను ఒప్పుకోలేను, ఎందుకంటే తెలుసుకోవలసినదంతా అప్పటికే తెలిసి ఉంది. కెంట్‌లోని మెయిడ్‌స్టోన్‌లో 1897లో టైఫాయిడ్ నూటికి పైగా ప్రాణాలు తీసినప్పుడే నీటి గొట్టాలను క్లోరిన్‌తో శుభ్రం చేశారు. 1905లో లింకన్ నగరం అదే జబ్బు పీడిస్తుంటే నీటిలో రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. జబ్బు తగ్గినవాళ్లలో కొందరు క్రిమిని ఏళ్ల తరబడి మోస్తారన్న సంగతి ఆ శతాబ్దపు మొదటి దశకానికే వైద్యులకు పాతబడింది. తన అజ్ఞానానికి తానే కారణమైనవాడిని చట్టం శిక్షించడం న్యాయమేనని అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్‌లో అంటాడు. తాగి తప్పు చేసినవాడు ఆయన ఇచ్చిన ఉదాహరణ. క్రాయిడన్‌లో మత్తు లేదు. ఒక గదిలో ఉన్న జ్ఞానాన్ని పక్క గదివాళ్లు అడగలేదు, ఇటువాళ్లు చెప్పలేదు. వేల మంది గొంతులోకి వెళ్లే నీటి మీద చెయ్యి వేసినవాడికి తెలుసుకోవడం ఐచ్ఛికం కాదు, అది అతని ధర్మంలో మొదటి భాగం. ఆ భాగాన్ని విడిచిపెట్టాక మనసు ఎంత మంచిదైనా పాపం అంటుతుంది. 1938లో ఇంగ్లిష్ కోర్టు కూడా కార్పొరేషన్ నిర్లక్ష్యం చేసిందనే తీర్పు ఇచ్చింది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. జరిగిపోయాక ఎవరైనా చెప్పగలరన్నది మొదటిది. మెయిడ్‌స్టోన్, లింకన్ ఆ మాటకు జవాబు చెప్పేశాయి. రెండోది బరువైనది. ఉద్దేశం లేని పనిని పాపం అంటే మతం గుండెను వదిలి మునిసిపల్ నిబంధనగా మారిపోదా అని అడుగుతారు. భక్తి లోపలిది, నీటి పరీక్ష బయటిది, రెండింటినీ కలపడం భక్తిని చిన్నబుచ్చడమే అంటారు. మన సంప్రదాయంలో కూడా శౌచాన్ని బాహ్యం, ఆంతరం అని విడదీశారు, పెద్దపీట ఆంతరానికే వేశారు. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. కసి పెట్టుకుని బావిలో విషం కలిపినవాడూ, చెప్పడం మరిచిన ఇంజనీరూ ఒకటి కారు. ఒకటే అంటే న్యాయం చచ్చిపోతుంది. కానీ ఆ తేడా పాపపు బరువులోది, ఉండటం లేకపోవడంలోది కాదు. ధర్మశాస్త్రం కూడా ఇలాగే చూసింది. మనుస్మృతి పదకొండో అధ్యాయం తెలియక చేసిన పాపానికీ తెలిసి చేసినదానికీ వేర్వేరు ప్రాయశ్చిత్తాలు చెబుతుంది. తెలియదు గనక ఏమీ అక్కర్లేదని అనలేదు. పైగా పొరుగువాడి బిడ్డ తాగే నీటిని పరీక్షించాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది? అది గుండెలోంచే రావాలి. ఎన్నడూ చూడని మనిషి ప్రాణం గురించి ఒక గుమాస్తా రిజిస్టరులో రాసుకుని, మర్నాడు గుర్తుపెట్టుకుని పక్క ఆఫీసుకు కబురు పంపాడంటే, అందులో ఉన్న దయ గుడి మెట్ల మీద వేసే దానంలో ఉన్న దయకు ఏమాత్రం తీసిపోదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ, ఎందుకంటే కాపాడబడినవాడికి ఆ సంగతే తెలియదు, దణ్ణం పెట్టడు.

శాస్త్రకారులతో నాకు ఒకచోట పేచీ ఉంది. పొయ్యి వల్ల అంటిన దోషాన్ని యజ్ఞంతో తీర్చుకుంటే పొయ్యి మర్నాడూ అలాగే మండుతుంది. ప్రాయశ్చిత్తం అన్నది దోషం పుట్టిన చోటే జరగాలి. క్రాయిడన్ తర్వాత బ్రిటన్‌లో ఆ పని జరిగింది. సరఫరా నీటిలో క్లోరిన్ కలపడం, బావుల్లోకి దిగేవాళ్లు టైఫాయిడ్ క్రిమిని మోస్తున్నారేమో పరీక్షించడం వాడుకలోకి వచ్చాయి. నీళ్లకుండ సంగతి అలా కొంత తీరింది. మిగిలింది పొయ్యి. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు గాలి కదలక లండన్ మీద పొగమంచు పేరుకుపోయింది. ఆ పొగ వల్ల నాలుగు వేల మంది దాకా చనిపోయారని అప్పట్లో లెక్క వేశారు, తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్య పన్నెండు వేల వరకు ఉండవచ్చన్నారు. ఫ్యాక్టరీలూ విద్యుత్ కేంద్రాలూ ఉన్నాయి, నిజమే. వాటితోపాటు పిల్లలు చలికి వణక్కుండా ప్రతి ఇంట్లో వేసిన బొగ్గు మంటా ఉంది. అందరూ కొంచెం కొంచెం చేసిన చోట ఎవరూ చేయనట్టే కదా అన్నది ఇక్కడ వచ్చే వాదం. 1956 నాటి స్వచ్ఛమైన గాలి చట్టం ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. బరో కౌన్సిల్ పొగ నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట, అనుమతించిన ఇంధనమే వాడుతున్నామని చూపలేకపోతే, ఇంటి గొట్టం నుంచి పొగ రావడమే నేరం. అయితే దోషం అందరిదీ అన్నాక భారమంతా పేద ఇంటివాడి నెత్తిన పెట్టలేదు. పాత ఇంటి పొయ్యిని పొగరాని ఇంధనానికి మార్చుకోవడానికి అయిన ఆమోదిత ఖర్చును పది భాగాలు చేశారు. మూడు ఇంటివాడు పెట్టుకోవాలి, మూడు బరో భరించాలి, నాలుగు దేశపు ఖజానా ఇవ్వాలి.