లవంగం మత్తు

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొడుకు ఆకివీడు నుంచి వచ్చాడు. చేపల చెరువులున్నవాడు. వస్తూ వస్తూ ఓ శీలావతిని తెచ్చాడు. ధవళేశ్వరంలో, గోదావరి గట్టున కాపురం ఉండేవాళ్లకి చెరువు చేపా అనుకున్నాను గాని, ప్రేమగా తెచ్చినదానికి వంక పెడతామా?

పెరట్లో బూడిద వేసి తోముతుంటే ఓ కబురు చెప్పాడు.

"అత్తయ్యా, న్యూజిలాండులో సాల్మన్ చేపల్ని పట్టేముందు నీళ్లలో మత్తుమందు కలుపుతారట. లవంగనూనె జాతిదే. గిలగిల్లాడకుండా అలా మగతలోకి జారిపోతాయి."

మన చెరువుల దగ్గర వల లాగడం, ఐసులో పేర్చడం, లారీ ఎక్కించడం. ఊపిరాడక పోవలసిందే. పంటినొప్పికి దూదిలో అద్దుకునే లవంగనూనె చేపకీ పనికొస్తుందంటే ముచ్చటేసింది.

"కొట్టుకున్న చేప కండలో లాక్టిక్ ఆమ్లం చేరి తొందరగా బిగుసుకుపోతుంది. సరుకు నాణ్యం చెడుతుంది" అన్నాడు.

"అదీ సంగతి! దయ కాదు, రుచి" అన్నాను.

వరండాలోంచి మా అత్తగారు అందుకున్నారు. "తుంటి ఆపరేషనప్పుడు నాకూ మత్తిచ్చారు. మళ్లీ లేచాను గనక అది దయ. దానికి లేవడం ఎక్కడిదిరా?"

మేమిద్దరం మాట్లాడలేదు.

నాకు మా నాన్నగారి చివరి రాత్రి గుర్తొచ్చింది. ఊపిరందక అవస్థ పడుతుంటే డాక్టరుగారు ఇంజక్షను ఇచ్చారు. తెల్లవారేదాకా ఉండరని అందరికీ తెలుసు. అయినా ఆ కాసేపు నెమ్మదిగా ఉన్నారు. లేవనివాళ్లకి చేసింది దయ కాదని ఎలా అనను?

చేపకి నొప్పేమిటని కొట్టిపారేసే రోజులూ పోయాయి. ట్రౌట్ చేప తలలో నొప్పిని పసిగట్టే నరాలున్నాయని 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త, తోటివారితో కలిసి బ్రిటన్‌లో చూపించింది. ఆవిడా ఆడదే.

ఇక చేప మన మనసులో ఏముందో అడగదు. రుచి కోసం ఇచ్చినా, జాలిపడి ఇచ్చినా దానికి తప్పే బాధ ఒక్కటే. అడగవలసింది మనల్ని మనమే. మత్తు వల్ల రుచి కాస్త తగ్గి, ధర కాస్త పెరిగితే, అప్పుడూ ఆ చేపనే కొంటామా?

కొంటానని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలిగిన రోజున అది దయ. అంతవరకూ, అమ్మా, అది వంటలో ఒక మెలకువ మాత్రమే.

ఆ పూట పులుసులో లవంగం వెయ్యబోయి ఒక్క క్షణం ఆగాను. వేశాననుకోండి.