మాట పడిపోయిన మనిషి: భాష, మెదడు, మానవ విలువ – రేనాటి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మానవ మస్తిష్కం మాటను గ్రహించే తీరును నాడీశాస్త్రం, భారతీయ శాబ్దబోధ చర్చ వేర్వేరు మార్గాలలో వివరించాయి. ఈ రెండింటి వెలుగులో, భాషాసామర్థ్యం మనిషి విలువకు కొలమానం కాగలదా అన్న నైతిక ప్రశ్నను రేనాటి ప్రాంతపు భాషాచరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: మస్తిష్కం, శాబ్దబోధ, యోగ్యత, అవధానం, వాగ్నష్టం, రేనాడు.

ఉపోద్ఘాతం

కడప జిల్లా ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్ళ గ్రామం తెలుగు భాషాచరిత్రలో విశిష్టమైన చోటు. చెన్నకేశవ-సిద్ధేశ్వరాలయ ప్రాంగణంలో లభించిన శాసనం రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. సుమారు క్రీ.శ. 575 నాటిదైన ఈ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు గుర్తించారు. అందులో కొన్ని పంక్తులు శిథిలమయ్యాయి. అయినా ఆ రాతిని ఎవరూ మూగదని అనలేదు. మిగిలిన అక్షరాలను ఓపికతో చదివి, జారిపోయిన వాటిని ఊహించి, దాని అర్థాన్ని నిలబెట్టడానికి విద్వాంసులు శ్రమించారు.

అదే ప్రాంతంలో పక్షవాతం వచ్చిన మనిషిని గురించి జనం "మాట పడిపోయింది" అంటారు. ఆనాటి నుండి ఇంట్లో అతనిని సంప్రదించడం తగ్గుతుంది. అతని ఎదుటే అతనిని గురించి మాట్లాడుకుంటారు. పొలం, వైద్యం, పెళ్లి వంటి నిర్ణయాలు అతని ప్రమేయం లేకుండా జరిగిపోతాయి. మాటతోపాటు మనస్సు కూడా పోయిందనే భావన దీనికి మూలం.

ఈ భావన నిరాధారంగా పుట్టింది కాదు. తెలుగులో మాట అంటే పదం మాత్రమే కాదు. మాట ఇవ్వడం, మాట తప్పడం, మాట నిలబెట్టుకోవడం, మాట పడటం అనే నుడికారాలు మనిషి నైతికతను మాటతో ముడిపెట్టాయి. మాటే మనిషి అయినప్పుడు మాట పోయినవాడు ఏమవుతాడు? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందుగా మెదడులో మాట ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

మాటకు ఒక్క చోటు లేదు

1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా ఒక రోగిని పరీక్షించాడు. అతడు దాదాపు "టాన్" అనే ఒక్క శబ్దమే పలకగలిగేవాడు. ఎదుటివారి మాటలు మాత్రం చాలావరకు అతనికి అర్థమయ్యేవి. మరణానంతర పరీక్షలో అతని మెదడు ఎడమ ముందుభాగంలో గాయం కనిపించింది. 1874లో కార్ల్ వెర్నికే దీనికి భిన్నమైన స్థితిని వర్ణించాడు. ఎడమ కణతభాగంలో గాయమైనవారు ధారాళంగా మాట్లాడతారు, కానీ ఆ మాటలకు పొందిక ఉండదు. వినే మాటల అర్థగ్రహణమూ దెబ్బతింటుంది. తరువాతి పరిశోధనలు ఈ రెండు కేంద్రాల చిత్రాన్ని విస్తరించాయి. ధ్వనిని ఉచ్చారణతో కలిపే మార్గం, ధ్వనిని అర్థంతో కలిపే మార్గం వేర్వేరుగా పనిచేస్తాయని, అనేక ప్రాంతాలు వీటిలో పాలుపంచుకుంటాయని గుర్తించాయి.

దీని తాత్పర్యం స్పష్టం. పలకడం, వినడం, అర్థం చేసుకోవడం ఒకే శక్తికి పర్యాయపదాలు కావు. ఒకటి దెబ్బతిన్నప్పుడు తక్కినవి నిలిచి ఉండవచ్చు. ధారాళంగా మాట్లాడేవానికి గ్రహణశక్తి లోపించవచ్చు. ఒక్క శబ్దమే పలికేవాడు అంతా గ్రహిస్తూ ఉండవచ్చు. కాబట్టి వాక్ప్రవాహాన్ని బట్టి వివేకాన్ని నిర్ణయించడం తొలి అడుగులోనే తప్పు.

యోగ్యత – నాలుగు వందల మిల్లీసెకన్లు

వాక్యార్థం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్న భారతీయులకు కొత్తది కాదు. పదాలు ముందు తమ అర్థాలను చెబితే, ఆ అర్థాలు తరువాత అన్వయం పొందుతాయని కుమారిలుని అభిహితాన్వయవాదం. పదాలు అన్వయంతో కూడిన అర్థాన్నే చెబుతాయని ప్రభాకరుని అన్వితాభిధానవాదం. శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని శాస్త్రకారులు నిర్ణయించారు. నిప్పుతో తడపడం అనే ప్రయోగం యోగ్యత లేనిదానికి ప్రసిద్ధ ఉదాహరణ.

1980లో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ చేసిన ప్రయోగంలో రొట్టెకు మేజోళ్లు పూయడం వంటి అసంగత వాక్యాలు చదివినవారి మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. పొసగని పదం కనిపించిన సుమారు 400 మిల్లీసెకన్లకు ఒక ప్రత్యేక తరంగం బలంగా వెలువడింది. నిప్పుతో తడపడం, రొట్టెకు మేజోళ్లు పూయడం ఒకే రకపు ఉదాహరణలు. అయితే ఈ ప్రయోగం ప్రాచీనవాదాన్ని నిరూపించిందనడం అతిశయోక్తి. శాస్త్రకారులు అర్థబోధకు కావలసిన నియమాలను విచారించారు. ప్రయోగం ఆ బోధ జరిగే కాలాన్ని కొలిచింది. ఈ రెండూ కలిసి చెప్పే విషయం ఒకటి ఉంది: వినేవాడు పదాల కోసం ఊరికే ఎదురుచూడడు, రాబోయే దానికి సిద్ధమవుతూ ఉంటాడు. అంటే పైకి మౌనంగా కనిపించే శ్రోత కూడా భాషలో చురుకుగా పాల్గొంటున్నాడు. మౌనం శూన్యం కాదు.

అవధాని ధారణ, అంగడి భాష

ఈ సన్నద్ధతను ఒక కళగా మలచిన విద్య అవధానం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు తరువాత రాగల అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. అవధాని సహజంగా స్ఫురించిన పదాన్ని అణచి, ఛందస్సు, అర్థం చెడకుండా మరొక పదాన్ని వెదకాలి. చివరకు పద్యాలన్నింటినీ ధారణతో అప్పగించాలి. ప్రొద్దుటూరు ఈ విద్యకు ప్రసిద్ధమైన నెలవు. 'రాణాప్రతాపసింహ చరిత్ర' కర్త దుర్భాక రాజశేఖర శతావధాని, 'శివభారతం' కర్త గడియారం వేంకటశేషశాస్త్రి అక్కడివారే.

సభలో అవధానికి సన్మానం జరుగుతుంది. అదే ఊరి అంగడిలో ఒకరితో తెలుగులో, మరొకరితో ఉర్దూలో బేరం చేసే నిరక్షరాస్యుని శ్రమ ఎవరి దృష్టికీ రాదు. ఒక భాషను అణచి మరొకదానిని ఎంచుకోవడం అతడు రోజంతా చేసే పని. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాది బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు లేదా అంతకు మించిన భాషలు తెలిసినవారిలో వ్యాధి సగటున 4.5 సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా కనిపించింది. అన్ని దేశాల పరిశోధనలూ దీనిని ఒకే తీరుగా సమర్థించలేదు. అయినా భాషాశక్తిని చదువుతో మాత్రమే కొలిచే అలవాటును ఈ ఫలితం ప్రశ్నిస్తుంది.

అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో మరొక అధ్యయనం వెలువరించింది. బహుభాషులలో 40.5 శాతం మందికి, ఏకభాషులలో 19.6 శాతం మందికి ఆలోచనాశక్తి సాధారణ స్థాయిలో నిలిచింది. కానీ మాట పోవడంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. ఆలోచన నిలవడం, మాట నిలవడం వేర్వేరు విషయాలని దీనివల్ల కూడా తెలుస్తున్నది.

ఒక ఆక్షేపం

శబ్దానుగమం లేని జ్ఞానం లోకంలో లేదన్నది భర్తృహరి మతం. మాట లేనిచోట జ్ఞానం ఎలా ఉంటుందన్న ఆక్షేపం దీని నుండి రావచ్చు. కానీ భర్తృహరి చెప్పిన శబ్దం వైఖరికే పరిమితం కాదు. మధ్యమ, పశ్యంతి కూడా వాక్కు రూపాలే. వైఖరి నశించినంత మాత్రాన వాక్కు నశించిందనడానికి ఆ సిద్ధాంతంలో అవకాశం లేదు. 2005లో రోజ్‌మేరీ వార్లే బృందం వెలువరించిన పరిశోధన మరొక అడుగు ముందుకు వేసింది. తీవ్రమైన వాగ్నష్టం గల ముగ్గురు, ఎవరు ఎవరిని తరిమారో వాక్యనిర్మాణాన్ని బట్టి గుర్తించలేకపోయారు. అయినా ఏ సంఖ్యలో నుండి ఏ సంఖ్యను తీసివేయాలో తెలుసుకొని లెక్కలు చేయగలిగారు. వ్యాకరణం చెదిరినా క్రమాన్ని గ్రహించే బుద్ధి నిలిచింది.

అయితే వాగ్నష్టం గల ప్రతివానికీ ఆలోచన చెక్కుచెదరదని చెప్పడం కూడా పొరపాటే. గాయాన్ని బట్టి స్థితి మారుతుంది. అందువల్లనే ముందస్తు తీర్పు తగదు; ప్రతి మనిషినీ విడిగా, సమయమిచ్చి తెలుసుకోవాలి.

ముగింపు

శిథిల శాసన పరిష్కర్తకు రెండు ధర్మాలున్నాయి. మొదటిది ఓపిక: అక్షరం కనిపించలేదని రాతిని వదిలివేయకూడదు. రెండవది నిజాయితీ: తాను ఊహించి పూరించిన అక్షరాలను కుండలీకరణాలలో చూపాలి, రాతిలో లేనిదానిని రాతి మాటగా చెలామణి చేయకూడదు.

మాట పడిపోయిన మనిషి పట్ల కూడా ఇవే ధర్మాలు వర్తిస్తాయి. అవును, కాదు అనడానికి తల ఊపు, సైగ, బొమ్మ వంటి దారులు వెదకడం, జవాబుకు వేచి ఉండడం మొదటిది. అతడు చెప్పినదేదో, దగ్గరివారు ఊహించినదేదో వేరుచేసి చెప్పడం రెండవది. "ఆయన ఉద్దేశం ఇదే" అనే మాటలో ప్రేమ ఉండవచ్చు, స్వార్థమూ ఉండవచ్చు. కుండలీకరణం లేని ఊహ అతనికి మిగిలిన కొద్దిపాటి వాక్కును కూడా హరిస్తుంది.

మాట మనిషిదే కాని, మనిషి మాటకు మాత్రమే పరిమితుడు కాడు. అతనిలో మిగిలిన అర్థాన్ని చదివే బాధ్యత వినగలిగినవారిది. పదునాలుగు శతాబ్దాల నాటి రాతికి రేనాటి గడ్డపై దక్కిన ఓపిక, ఆ గడ్డపై మంచం పట్టిన మనిషికి దక్కకపోవడం న్యాయం కాదు.