శబ్ద నిత్యత్వం, ఎయిర్‌చెక్ టేపులు
1960ల నాటి అమెరికన్ రేడియోలో, పాటల నడుమ మాట్లాడే డిస్క్ జాకీల పనితీరును పరిశీలించడానికి ప్రసారాన్ని టేపుపై భద్రపరిచేవారు. ఎయిర్‌చెక్ అనే ఈ రికార్డులలో కొన్నింటిని మైకు తెరిచినప్పుడు మాత్రమే తిరిగే యంత్రంతో చేసినందున, పాటలు తెగిపోయి మాటలే మిగిలాయి. ఇలా మిగిలిన మాటలు భారతీయ దర్శనాల మధ్య ఒక పాత వివాదాన్ని గుర్తుకు తెస్తాయి: పుట్టిన శబ్దం నశిస్తుందని న్యాయదర్శనం, శబ్దం నిత్యమనీ ఉచ్చారణ దాన్ని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదనీ మీమాంస వాదించాయి. టేపు మీమాంసకుల పక్షాన నిలుస్తున్నట్లు తోచినా, వారు నిత్యమన్నది వర్ణాన్నే, అంటే అక్షరాన్నే గాని, పలికేవాడి గొంతును కాదు; గొంతులోని హెచ్చుతగ్గులు ఆ వర్ణాన్ని వ్యక్తపరిచే నాదానికి చెందినవని వారి సమాధానం. ఈ టేపుల్లో శ్రోతలు వెతుక్కునేది మాత్రం డిస్క్ జాకీ వుల్ఫ్‌మన్ జాక్ బొంగురు గొంతు వంటిదాన్నే, అంటే ఆ సిద్ధాంతం పక్కన పెట్టిన అంశాన్నే. పైగా టేపులో ఉన్నది శబ్దం కాదు, ఐరన్ ఆక్సైడ్ కణాల అయస్కాంత విన్యాసం. కనుక వినిపించిన ప్రతిసారీ కొత్త శబ్దమే పుడుతుందనీ, ‘ఇది ఆ గొంతే’ అనే ప్రత్యభిజ్ఞ, అంటే గుర్తింపు, కేవలం పోలిక వల్ల కలుగుతుందనీ నైయాయికుడు వాదించగలడు.