మహమ్మారి వెళ్లాక మిగిలే పరీక్ష



క్రీ.శ. 636లో యర్మూక్ యుద్ధంతో సిరియాలో రోమన్ల పాలన కూలిపోయింది. కొత్త పాలన ఇంకా కుదురుకోకముందే, 639లో (హిజ్రీ 18) అమవాస్ తావూన్ (ప్లేగు) విరుచుకుపడింది.

సిరియాకు బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) దారిలో, సర్గ్ వద్ద ఈ వార్త విని వెనుదిరగాలని నిర్ణయించారు. “తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా?” అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ రాసిన ఒక విధి నుంచి ఆయనే రాసిన మరో విధి వైపుకు వెళ్తున్నామని ఖలీఫా జవాబిచ్చారు. జాగ్రత్తపడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

చరిత్రకారుల కథనం ప్రకారం ఆ తావూన్‌లో 25 వేలమంది మరణించారు. వారిలో అబూ ఉబైదా (రజి), ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడా ఉన్నారు. చివరికి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండలపైకి తరలించారు. వ్యాధి తగ్గింది.

అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారు? స్వయంగా సిరియా వెళ్లి, మృతుల ఆస్తులను వారసులకు పంచారు. కొత్త పాలనపై ప్రజలకు నమ్మకం కలిగేది ఇలాంటి న్యాయంతోనే. 661లో అదే సిరియాలోని డమాస్కస్ ఖిలాఫత్‌కు రాజధాని అయింది.

2020, 2021లలో కరోనా మన ఇళ్లలోనూ ఎందరినో తీసుకుపోయింది. చనిపోయిన అన్న వాటా వదినకూ పిల్లలకూ అందిందా? లేక మన చేతుల్లోనే ఉండిపోయిందా? అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు కడుపులో నిప్పు నింపుకుంటున్నారని దివ్య ఖుర్ఆన్ (4:10) హెచ్చరిస్తోంది. దేశ భవిష్యత్తు గురించి మాట్లాడే ముందు ఈ లెక్క సరిచేసుకుందాం.

హక్కుదారుల హక్కు చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.