మజిలీ ఋణం

దూరప్రయాణం చేసేవానికి అలసట కంటె పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. ఆగవచ్చునా, కూడదా అన్న సందేహమది. జట్టుగా వెళ్లేవారిలో ఎవరో ఒకరు ముందుగా అలసిపోతారు. వారి పేరు చెప్పుకొని తక్కినవారూ ఆగుతారు. ఒంటరి ప్రయాణికునికి ఆ వెసులుబాటు లేదు. ఆగితే తన నిర్ణయంతోనే ఆగాలి. అందుకు తనకు తానే సంజాయిషీ చెప్పుకోవాలి. యూరప్‌లో 1972లో ప్రవేశపెట్టిన ఇంటర్‌రైల్ పాసుతో ఎందరో యువతీయువకులు వారాల తరబడి ఒంటరిగా దేశదేశాలు తిరిగారు, నేటికీ తిరుగుతున్నారు. పాసుకు గడువున్నది, గడువులోని ప్రతి దినానికీ వెల ఉన్నది. అందువల్ల ఏ చిన్న ఊరిలోనో ఒక పూట ఊరికే కూర్చుంటే, ఆ పూట నష్టపోయినట్లు మనస్సు లెక్క వేస్తుంది. విశ్రాంతి నిజంగా నష్టమేనా? లేక కష్టపడినవానికి దక్కే ప్రతిఫలమా? ఈ ప్రశ్న యూరప్ బాటసారులది మాత్రమే కాదు. హౌరా మార్గంలో ఒంటరిగా పయనిస్తూ ఖరగ్‌పూర్‌లో దిగిన తెలుగువానికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

గమ్యం ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా ఉండగా ఖరగ్‌పూర్‌లో దిగడానికి యాత్రికునికి ప్రత్యేక కారణం కనిపించదు. చాలామందికి ఆ ఊరు 1951లో నెలకొన్న ఐఐటీ వల్లనో, 1,072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం వల్లనో తెలుసు. ప్రపంచంలోనే అతి పొడవైనదన్న కీర్తి ఆ ప్లాట్‌ఫారానికి 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు నిలిచింది. కాని అలసినవానికి కావలసింది వింత కాదు. ఒక మంచం, ఒక బకెట్టు నీళ్లు, తెలిసిన భాషలో ఒక పలకరింపు. ఆ పలకరింపు ఖరగ్‌పూర్‌లో సులభంగా దొరుకుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో పని వెతుక్కుంటూ కోస్తా జిల్లాల నుండి వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడి తరాలు గడిచాయి. రాష్ట్రంలో తెలుగుకు అధికారభాషా హోదా కల్పించడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలపడానికి ముఖ్యకారణం ఈ పట్టణపు తెలుగువారే.

రైల్వే నియమావళి కూడా ప్రయాణికుని విశ్రాంతిని గుర్తించింది. 500 కిలోమీటర్లకు మించిన టికెట్టుపై, తొలి 500 కిలోమీటర్లు ముగిసిన పిమ్మట, మార్గమధ్యంలో రెండు దినాలు ఆగవచ్చు. విశాఖపట్నం నుండి హౌరాకు పోయేవాడు ఖరగ్‌పూర్‌లో దిగితే ఈ అర్హత అతనికి ఉంటుంది. నియమం సముచితమైనదే. అయితే లోకంలో బలంగా పాతుకొన్న ఒక అభిప్రాయం అందులో ధ్వనిస్తుంది. ముందు దూరం నడువు, తరువాత కూర్చో. ముందు శ్రమించు, తరువాత విశ్రమించు. ఈ దృష్టిలో విశ్రాంతి ఒక సంపాదన.

అదే స్టేషనులో విశ్రాంతికి మరొక అర్థం కూడా ఉన్నది. ఖరగ్‌పూర్ వంటి కూడళ్లలో రైలు నడిపేవారి కోసం రన్నింగ్ రూములు ఉంటాయి. డ్యూటీ దిగిన డ్రైవర్లు, గార్డులు అక్కడ నిద్రపోతారు. వారి నిద్ర వారి ఇష్టానికి విడిచిపెట్టినది కాదు. 1930లో రైల్వే చట్టానికి జరిగిన సవరణ పనిగంటలను, విశ్రాంతిని శాసనపరిధిలోకి తెచ్చింది. 1989 నాటి చట్టంలో ఈ విషయానికే ఒక అధ్యాయం కేటాయించారు. 1974 మే నెలలో దేశమంతటా జరిగిన రైల్వే సమ్మె డిమాండ్లలో రైళ్లు నడిపేవారికి ఎనిమిది గంటల పనిదినం ఒకటి. నిద్ర చాలని కన్ను ఒక్క సిగ్నలును పొరబడితే వందలాది ప్రాణాలకు ముప్పు. కనుక ఇక్కడ విశ్రాంతి నిన్నటి శ్రమకు బహుమానం కాదు, రేపటి ప్రయాణికుని పట్ల కర్తవ్యం. డ్రైవరు తనకోసమే కాదు, ముక్కుమొగం తెలియని వారికోసం కూడా నిద్రపోతున్నాడు.

ఈ సంగతి తెలిసిన పిమ్మట ఒంటరి ప్రయాణికుడు తన విశ్రాంతిని వేరుగా చూడవలసి వస్తుంది. 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ ఆగుతూ పోయి, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆయన పల్లకీని బోయీలు మోశారు. పల్లకీలో కూర్చున్నవాని కంటె దానిని మోసేవారికే మజిలీ ఎక్కువ అవసరమని వేరే చెప్పనక్కరలేదు. రైలు వచ్చిన తరువాత బోయీలు కంటికి కనబడకుండా పోయారు, కాని మోసేవారు లేకుండా పోలేదు. ప్రయాణికుడు రిటైరింగ్ రూములో పడుకున్న రాత్రి ఎవరో పట్టాలు పరీక్షిస్తుంటారు, ఎవరో సిగ్నలు క్యాబిన్‌లో మేలుకొని ఉంటారు. ఒంటరివాని సామానుకు కాపలా ఉండే తోడు లేదు. అపరిచితుల మంచితనాన్ని నమ్మి అతడు కన్ను మూయాలి. ఒంటరిగా ప్రయాణించే స్త్రీకి ఆ నమ్మకం మరింత అవసరం.

వీరందరికీ జీతం ముడుతున్నది, ప్రయాణికుడు రుసుము చెల్లించాడు, ఇక ఋణమెక్కడిది అని అడిగేవారుంటారు. రుసుము గదిని ఇస్తుంది. రాత్రి రెండు గంటలవేళ ఒక మనిషి చూపే జాగరూకతకు వెల కట్టడం కష్టం. అంతేకాదు, జీతమే లేని మెలకువ ఒకటున్నది. రైల్వే కాలనీలో రాత్రి పనిచేసి వచ్చిన భర్త పగలు నిద్రపోవాలంటే ఇల్లాలు పిల్లల అల్లరి అణచాలి, రేడియో కట్టాలి, వాకిట్లో పలుకుతున్నవారిని దూరంగా పంపాలి. ఇంజను నడిపేవాని నిద్ర ఎంత చట్టబద్ధమైనదో, ఆమె మెలకువ అంత లెక్కలో లేనిది. ఆమె విశ్రాంతికి గంటలు నిర్ణయించిన చట్టమేదీ లేదు.

ఇంతటితో ప్రయాణికుడు సిగ్గుపడి మంచం దిగనక్కరలేదు. అప్పు ఉన్నదని తెలిసినవాడు భోజనం మానడు. తీర్చే మార్గం చూస్తాడు. ఇతరుల విశ్రాంతికి అడ్డు రాకపోవడం ఆ తీర్చడంలో మొదటి మెట్టు. సిబ్బంది మారడానికి రైలు పది నిమిషాలు నిలిచితే విసుగుకొనకపోవడం, డ్యూటీ పట్టికపై సంతకం చేసే అధికారి అందులోని పేర్లకు కన్నులున్నాయని, ఇళ్లున్నాయని తలచడం, ఇంటికి చేరిన యాత్రికుడు ఆ ఇంట అందరికంటె ఆలస్యంగా పడుకునేవారెవరో గమనించడం కూడా ఆ కోవలోనివే. విశ్రాంతి నష్టమని భావించేవాడు తన్ను తాను బాధించుకుంటాడు. అది తన సంపాదన అని భావించేవాడు ఇతరులను మరచిపోతాడు. అది ఋణమని తెలిసినవాడే నిశ్చింతగా నిద్రపోగలడు, ఇతరులను నిద్రపోనివ్వగలడు.

రెండు దినాలు ముగిసి ప్రయాణికుడు తెల్లవారుజామున ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీదికి వస్తాడు. అదే వేళకు రాత్రి డ్యూటీ ముగించుకొన్న వ్యక్తి ఒకడు సంచి భుజాన వేసుకొని కాలనీ వైపు నడుస్తుంటాడు. ఒకరి మజిలీ ముగిసింది, మరొకరిది మొదలు కాబోతున్నది. రైలు కదిలేముందు ప్రయాణికుడు పక్కకు తప్పుకొని అతనికి దారి ఇస్తే, ఋణంలో కొంత తీరినట్లే.