చూచువాని ఋణము

కన్నులతో చూచినంత మాత్రమున ఎవరికిని హాని లేదని లోకమున ఒక అభిప్రాయము కలదు. చేతితో ముట్టినవాడు దోషి కావచ్చును గాని, దూరమున నిలిచి చూచినవాడు దోషి యెట్లగునని వాదింతురు. ఈ వాదమెంతవరకు నిలుచునో తూర్పు ఆఫ్రికా వనములను సకుటుంబముగా చూచివచ్చిన పిమ్మట మేము కొంత ఆలోచించితిమి. ఆ ఆలోచననే పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

మా కుమారుడు నైరోబీలో ఉద్యోగము చేయుచుండుటచే, 2023 సెప్టెంబరు మాసమున మేము దంపతులము, కుమారుడు, కోడలు, ఇరువురు మనుమలు కలిసి పండ్రెండు దినములు కెన్యా, టాంజానియా దేశములలో సంచరించితిమి. కిలిమంజారో పర్వతము చెంత అంబోసెలీలో ఏనుగుల మందలను, మసాయి మారాలో నది దాటవచ్చిన వైల్డ్‌బీస్టులను, సెరెంగెటి మైదానమున సింహములను, సుమారు 600 మీటర్ల లోతుగల గోరొంగోరో అగ్నిపర్వత బిలమున ఖడ్గమృగమును దర్శించితిమి. వాని వర్ణనకు పూనుకొన్నచో ఈ సంచిక చాలదు.

ఈ యాత్రకు సఫారీ యని పేరు. స్వాహిలీ భాషలో దీనికి ప్రయాణమని యర్థము. అరబ్బీ సఫర్ శబ్దమే దీనికి మూలము. కాని దొరల కాలమున ఈ మాటకు వేట యను అర్థము స్థిరపడినది. అమెరికా అధ్యక్షపదవి నుండి విరమించిన థియొడోర్ రూజ్‌వెల్ట్, ఆయన కుమారుడు 1909–10లో అచ్చట 512 జంతువులను కూల్చిరి. సింహము, చిఱుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, అడవిదున్న – ఈ అయిదింటిని ‘పెద్దవి అయిదు’ అని లెక్కించినదియు వేటగాండ్రే. కాలినడకన వేటాడుటకు ఇవియే మిక్కిలి ప్రమాదకరములట. నేడు ఆ వనములలో తుపాకి స్థానమున కెమెరా వచ్చినది గాని, లెక్క మాత్రము పోలేదు. మా చిన్న మనుమడు సైతము అయిదు పేర్లు కాగితముపై వ్రాసికొని, చూచినదానిని కొట్టివేయుచు, చిఱుతపులి ఒక్కటి మిగిలినదని చిన్నబుచ్చుకొనెను. ఇది పసివాని తప్పు కాదు. లెక్క పెద్దలు నేర్పినదే.

చూపు నిరపాయమైనదా? మారా తీరమున ఒక మంద నీటి యంచువరకు వచ్చి, దారికడ్డముగా నిలిచిన బండ్లను చూచి వెనుదిరుగుట మేము కన్నులార చూచితిమి. యాత్రికుల రద్దీ హెచ్చుగా నున్న తావులలో చీటా తల్లులు తక్కువ పిల్లలను మాత్రమే పెంచగలుగుచున్నవని మారాలో జరిపి 2018లో ప్రకటించిన పరిశీలనలో తేలినది. ఎవరును వానిని ముట్టలేదు, చూచిరి, అంతే.

మృగముల మాట యిట్లుండగా మనుష్యుల మాట వేరొకటి. సెరెంగెటి 1951లో జాతీయవనమైనది. 1959లో అచ్చటి మసాయి ప్రజలను వెడలించి గోరొంగోరో ప్రాంతమునకు తరలించిరి. అడవి మృగముల మాంసము తినుట మసాయిల సంప్రదాయము కాదు. వారి పశువులును ఆ మృగములును తరతరములు ఒకే పచ్చికను పంచుకొన్నవి. మాకు బండి నడిపిన యువకుడు మసాయి. “అయ్యగారూ, మీరు రుసుము కట్టినందున నేను మా తాతగారి మేతబీటిలో అడుగు పెట్టగలుగుచున్నాను” అని నవ్వుచు పలికెను. ఆ నవ్వునకు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మన నల్లమలలో పులుల అభయారణ్యమున నివసించు చెంచుల సంగతియు అప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది.

అట్లయినచో ఎవరును పోకుండుటయే ధర్మమా? అదియు కాదు. 2020లో అంటువ్యాధివలన యాత్రలు నిలిచినప్పుడు, మారా చుట్టునున్న తమ భూములను వన్యమృగములకై కౌలుకిచ్చిన మసాయి కుటుంబముల రాబడి పడిపోయినది. కావలివారి జీతములకు కటకట యేర్పడినది. స్వాతంత్ర్యము సమీపించిన 1961లో టాంగన్యికా నాయకుడు జూలియస్ నైరేరే, ఈ మృగసంపదను భావితరముల కొరకు ధర్మకర్తలవలె కాపాడుదుమని అరూషాలో ప్రకటించెను. ఆ కాపుదలకు పైకము కావలెను. ఆ పైకములో అధికభాగము చూడవచ్చువారే తెచ్చుచున్నారు.

ఏండ్ల తరబడి చిట్టా ఆవర్జాలు వ్రాసిన చేయి గనుక మాకు తోచినది లెక్కల భాషలోనే చెప్పెదము. మనము కట్టు రుసుము బాటకు, కావలికి, బసకు చెల్లు. ఆ మృగము కలతపడినందుకు గాని, ఆ నేల విడిచిపోయినవాని కొరకు గాని ఆ రసీదులో జమ లేదు. ఆ పద్దు బాకీగానే నిలుచును. దానిని సొమ్ముతో కాక నిగ్రహముతో తీర్పవలసియున్నది.

ఈ మాట చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. సెరెంగెటిలో చివరి దినమున బాటకు దూరముగా ఒక చెట్టుక్రింద చిఱుతపులి యున్నదని తెలిసినది. రెండు బండ్లు బాట విడిచి గడ్డిలోనికి దిగినవి. మా బండివాడు దిగననెను, అది నిషిద్ధము. “ఇంత ఖర్చుపెట్టి వచ్చితిమి గదా నాన్నగారూ, మీరొక మాట చెప్పరాదా” అని మా కుమారుడనెను. మనుమడు కంటనీరు పెట్టుకొనెను. ఆ ఏడుపు చూచి మాకును మనసు కరగినది. ఐనను “బాట విడువవలదు” అంటిమి. మాకు కనబడినది గడ్డిలో కదలిన తోక కొస మాత్రమే. మనుమని కాగితముపై ఆ పేరు కొట్టివేయకయే మిగిలిపోయినది. తాతను క్షమించుటకు వానికి రెండు దినములు పట్టినది.

పొరుగుభాషల నడుమ తరతరములుగా కాపురముండి, ఆ నేల ఉప్పు తిని, ఆ యింటి మర్యాద నేర్చిన ప్రవాసాంధ్రులకు అతిథిధర్మము క్రొత్తది కాదు. ఇంటివారు ఎంతవరకు రమ్మందురో అంతవరకే పోవుట మన పెద్దలు మనకు నేర్పినారు. అడవికి పోవునప్పుడును ఆ మర్యాదనే వెంట తీసికొనిపోవుదుము గాక.