రిపోర్టు ఎవరిది?



నాలుక మీద పుండు మూడు వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించాలని మీరు వినే ఉంటారు. నాలుక క్యాన్సర్లలో అత్యధికం స్క్వేమస్ రకానివి. వాటిలోనే స్పిండిల్ సెల్ రకం అని ఒకటుంది. అది అరుదు, కాని త్వరగా ముదురుతుంది. దాని పేరు తేలాలంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. ఎంత లోతుకు దిగింది, మెడ గ్రంథులకు పాకిందా అన్నది ఎం.ఆర్.ఐ., సి.టి. స్కాన్లు చూపిస్తాయి. 2018లో అమలులోకి వచ్చిన దశల విభజన ప్రకారం, రెండు సెంటీమీటర్లు మించని గడ్డ కూడా 5 మిల్లీమీటర్ల కంటె లోతుగా ఉంటే మొదటి దశ దాటినట్లే.

మిల్లీమీటర్ల లెక్కన యంత్రం చూపిన ఈ నిజాన్ని మనం ఏం చేస్తున్నాం? చాలా ఇళ్ళలో రిపోర్టు కొడుకు చేతికో, అల్లుడి చేతికో వెళుతుంది. "నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అని బతిమాలుకుంటారు. ఇంటికి వచ్చి "చిన్న పుండే, తీసేస్తారట" అంటారు. అది ప్రేమతో చేసే పనే. అయినా అది న్యాయమేనా?

ఒక్కసారి ఆలోచించండి. ఆపరేషనులో నాలుకలో కొంత భాగం తీసివేయవలసి రావచ్చు. ఆ తరువాత మాట స్పష్టంగా రాకపోవచ్చు. భార్యకు చెప్పుకోవలసినవి, అలిగి వెళ్ళిన తమ్ముణ్ణి పిలిచి అనవలసినవి ఆయనకు ఎన్నో ఉంటాయి. పాపసంకీర్తనం చేసుకోవాలని ఉండవచ్చు. గురువుగారు వస్తే ఆయనకు అనుమానం వస్తుందని మనమే ఆపుతాం. నిజం దాచి, మాట్లాడగలిగిన రోజులను కూడా ఆయనకు లేకుండా చేస్తున్నాం. పైగా మన ముఖాలు చూసి ఆయన గ్రహించనే గ్రహిస్తారు. అప్పుడు తన భయాన్ని పంచుకునే మనిషే ఉండడు.

"నిజం చెబితే ఆశ చచ్చిపోదా?" అంటారు మీరు. జబ్బు ఎక్కడ ఉందో స్కాన్ చెబుతుంది. మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడో చెప్పదు. చికిత్స ఉన్నదన్నది కూడా నిజంలో భాగమే. అన్నీ ఒకేసారి చెప్పనక్కరలేదు. వివరాలు వద్దనుకునేవారూ ఉంటారు, వారిని బలవంతపెట్టకూడదు. కాని వద్దనే మాట వారి నోట రావాలి, మన నోట కాదు.

కనుక స్కానింగుకు వెళ్ళే ముందే పక్కన కూర్చుని అడగండి: "నాన్నా, రిపోర్టు వచ్చాక నీకు ఎంతవరకు చెప్పమంటావు?" ఆయన ఏమంటే అది చేయండి.